ఏకగ్రీవంగా కాదు

పటమటలోని ఆ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మీటింగంటే ముందు పునుగులు, తర్వాతే మాటలు. సెల్లారులో కుర్చీలు వేస్తారు. వచ్చినవాళ్లకి ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో పెన్ను పెడతారు. మినిట్స్ పుస్తకంలో ఖాళీ పేజీ అడుగున సంతకం గీకి కూర్చోవడమే. పైన ఏం జరిగిందో సెక్రటరీ విశ్వేశ్వర్ మర్నాడు తీరిగ్గా రాసుకుంటాడు. ఇన్నేళ్లుగా ఇదే పద్ధతి, ఎవరికీ తప్పనిపించలేదు. రమాసుందరికీ అనిపించలేదు. ఇప్పుడు ఆవిడ ఒళ్లు మండుతోందంటే సగం అందుకే.

పోయిన నెల మీటింగులో, పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదని తీర్మానం పెట్టారు. రమాసుందరి లేచి వద్దంది. నాలుగో అంతస్తులో మంగళగిరి చీరలు అమ్ముకునే మనిషి, గొంతు లేకపోతే ఆ వ్యాపారం సాగదు. "మోకాళ్లు అరిగిన మనిషి చేత మెట్లెక్కించి, ఆవిడ చేతి వంటే తింటారా? సిగ్గుండాలి" అని కూడా అంది. అయినా తీర్మానం నెగ్గింది. సరే, నెగ్గనీ. కానీ వారం తిరక్కుండా లిఫ్టు పక్కన ఓ కాగితం అంటించారు. "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు" అని ఉంది దాని మీద. కింద సంతకాలు, వాటిలో రమాసుందరిది కూడా.

ఆ కాగితం శౌరమ్మ చదివింది. రామవరప్పాడు నుంచి బస్సులో వచ్చి ఆ అపార్ట్‌మెంట్‌లో ఇళ్లకు వంట చేస్తుంది శౌరమ్మ. పొద్దున్నే మొదట వచ్చేది రమాసుందరి ఇంటికే. ఆ రోజు మెట్లెక్కి వచ్చి, చెమట తుడుచుకుని, పప్పు పొయ్యి మీద పెట్టి, "మీరూ సంతకం పెట్టారంట గదమ్మా" అంది.

రమాసుందరి జరిగిందంతా చెప్పింది. శౌరమ్మ "సర్లెండి" అంది. అప్పట్నుంచి కబుర్లు లేవు, నవ్వు లేదు. వస్తుంది, వండుతుంది, పోతుంది. ఇన్నేళ్లు తన ఇంట్లో మనిషిలా తిరిగినామె ముందు అబద్ధాలకోరుగా నిలబడాల్సి వచ్చిందే అని రమాసుందరికి అన్నం సయించలేదు.

ఈ ఆదివారం మళ్లీ మీటింగు. విశ్వేశ్వర్ పోయిన నెల మినిట్స్‌ని రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటులా గడగడా చదివేసి, ఊపిరి తీసుకోకుండానే "సవరణలేమీ లేవు కాబట్టి ఆమోదించడమైనది" అన్నాడు.

"ఉంది సవరణ" అని లేచింది రమాసుందరి. "ఏకగ్రీవంగా అన్నది కొట్టేయండి. నేను వద్దన్నాను."

ప్రెసిడెంటు వెంకటకృష్ణారావు గారు పునుగు చట్నీలో ముంచి, "అయిపోయిన విషయం మళ్లీ తోడితే ఎట్లాగమ్మా?" అన్నారు.

"తీర్మానం జోలికి నేను పోవట్లేదండీ. నెగ్గింది, నెగ్గిందనే రాయండి. నేను వద్దన్నాను, అదీ రాయండి. మినిట్సంటే జరిగింది రాయడం, మీకు నచ్చింది రాయడం కాదు."

"మరి సంతకం మీదే కదండీ?" అన్నాడు విశ్వేశ్వర్.

"వచ్చానని పెట్టాను. బుద్ధి తక్కువై ఖాళీ పేజీ మీద పెట్టాను. ఇవాళ పెట్టలేదు, చూసుకోండి."

ప్రెసిడెంటు గారికి విసుగొచ్చింది. "దీనికింత రాద్ధాంతమెందుకు? ఈవిడ ఆ రోజు అభ్యంతరం చెప్పలేదనేవాళ్లు చేతులెత్తండి."

ఆశ్చర్యం చూడండి, చేతులు లేచాయి. నోట్లో పునుగులుండి మాట అనలేకపోయినా చెయ్యి మాత్రం ఎత్తారు. ఎదురు ఫ్లాట్ ఉషశ్రీ కూడా ఎత్తింది. ఆ రోజు పక్క కుర్చీలో కూర్చుని, రమాసుందరి కొంగు పట్టి లాగి "ఎందుకండీ మనకి" అన్నది ఆవిడే. రమాసుందరి విశ్వేశ్వర్ వైపు తిరిగింది.

"మంచిది. విశ్వేశ్వర్ గారూ, ఇది ఇవాళ్టి మినిట్స్‌లోకి ఎక్కాలి కదా. నేను వద్దనలేదని చెయ్యెత్తినవాళ్ల పేర్లు వరసగా రాయండి. చేతులు దించకండి, నేను చెబుతాను. ఉషశ్రీ గారు, మొదటి పేరు."

ఉషశ్రీ చెయ్యి సగం దిగింది. "నా పేరెందుకండీ మధ్యలో?"

"నా పేరు నన్నడిగే రాశారా?"

వెనక వరసలో ఒక చెయ్యి దిగింది. ఇంకొకాయన తల గోక్కుంటున్నట్టు దించాడు. ఉషశ్రీ నేల చూపులు చూస్తూ, "ఆవిడ వద్దన్న మాట నిజమేనండీ. సిగ్గుండాలని కూడా అన్నారు" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటు గారు ఇంకో పునుగు తీసుకోలేదు.

"ఏకగ్రీవంగా" కొట్టేసి, "రమాసుందరి గారు వ్యతిరేకించగా, మెజారిటీతో" అని రాసి ప్రెసిడెంటు గారు పక్కన పొట్టి సంతకం పెట్టేదాకా రమాసుందరి పుస్తకం దగ్గర్నుంచి కదల్లేదు. కొత్త కాగితం అంటించేదాకా వదిలితే ఒట్టు.

సోమవారం పొద్దున్నే పనిగట్టుకుని కిందికి దిగి నిలబడింది. శౌరమ్మ వచ్చి, కళ్లు చికిలించి, కాగితం మొత్తం చదివింది.

"ఇప్పుడన్నా నమ్ముతావా?"

"నమ్మానమ్మా." శౌరమ్మ మొహం కాస్త విప్పారింది. "మరి లిఫ్టో?"

రమాసుందరి తడబడింది. ఇంత చేసీ చెప్పుకోవడానికి ఏముంది? "అది మారలేదే. వచ్చే మీటింగులో మళ్లీ పెట్టి..."

శౌరమ్మ సంచీ భుజం మీదికి ఎగదోసి, లిఫ్టు బటన్ నొక్కింది. ఆఫీసుకి బయల్దేరిన విశ్వేశ్వర్ స్కూటర్ ఆపి, "శౌరమ్మా, రాసింది చదివావుగా?" అన్నాడు.

"చదివానండి. వద్దన్నవాళ్లలో ఒక్క పేరే ఉంది" అంటూ లోపలికి అడుగేసింది శౌరమ్మ. "రెండోది నాది, రాసుకోండి."