పెద్దసారు స్వింగు

వచ్చే మార్చికి భీమశంకరానికి యాభై ఎనిమిదేళ్ళు నిండుతాయి. రాజమండ్రి నుంచి వచ్చి, పటాన్‌చెరు దగ్గర గేర్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో చేరి, ముప్పై ఏళ్ళుగా క్వాలిటీ విభాగాన్ని ఏలుతున్నాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా సరే, గేరుకు ఎర్రచీటీ కట్టి పక్కన పడేయించేవాడు. అలాంటి మనిషి రిటైరై ఇంట్లో కూర్చుంటే భార్య తరిగే బెండకాయ ముక్కల పొడవు కొలవడం తప్ప ఏం చేస్తాడు? ఆ భయం ఆయనకంటే భార్య పద్మావతికే ఎక్కువ. "ఎలాగైనా ఇంకో రెండేళ్ళు ఉంచుకోమని అడగండి, మీకు పుణ్యముంటుంది" అని రోజూ కాఫీతోపాటు అందించేది.

ఉంచుకోగలిగినవాడు ఒక్కడే, చైర్మన్ సూర్యారావు. ఆయనకున్న పిచ్చి కూడా ఒక్కటే, గోల్ఫు. ఫ్యాక్టరీ వెనక లక్డారం వైపున్న రాళ్ళ నేలను చదును చేయించి, గడ్డి పెంచి, బంతి పడాల్సిన గుంటలు తొమ్మిది తవ్వించి మైదానం వేయించాడు. ఆఫీసర్లలో నలుగురు పన్నెండేళ్ళుగా ఆడి ఆడి ఆరితేరారు. సూర్యారావు మాత్రం తేరలేదు. ఆయన కొట్టిన బంతి బుద్ధిగా బయల్దేరి, సగం దూరం పోయాక కుడికి మళ్ళి, గోడ దాటి, అవతల సేద్యం చేసుకునే బక్కమ్మ జొన్నచేలో పడేది. "గాలండీ సార్" అనేవారు నలుగురూ. ఆ గాలి పన్నెండేళ్ళుగా ఆయన బంతికే తగిలేది, ఎటునుంచి వీచినా కుడికే తోసేది. బంతులు వెతికి తెచ్చే ఐలన్నకు మాత్రం గాలి మీద నమ్మకం లేదు. పెద్దసారు కర్ర ఎత్తకముందే పోయి గోడ పక్కన నిలబడేవాడు.

తొంభై నాలుగు నవంబరులో సూర్యారావుకు ఒక ముచ్చట పుట్టింది. ఫిబ్రవరిలో చుట్టుపక్కల ఫ్యాక్టరీలను పిలిచి కప్పు పోటీ పెట్టాలన్నాడు. భీమశంకరానికి సందు దొరికింది.

"గేరు దేన్నిబట్టి తయారవుతుంది సార్? డ్రాయింగును బట్టి. కర్ర తిప్పి కొట్టే స్వింగూ అంతే. మనవాళ్ళు నలుగురూ నాలుగు రకాలుగా కొడుతున్నారు. టెక్నికల్‌గా చూస్తే ఇది పెద్ద లోపం."

"మరి సరైనది ఏది?" అన్నాడు సూర్యారావు.

కొత్తగా చేరిన ప్రతి కుర్ర ఇంజనీరుకూ భీమశంకరం చెప్పే మొదటి పాఠం ఒకటుంది. దేనితో పోల్చి కొలుస్తామో ఆ మాస్టర్ ముక్కను ముందు పరీక్షించాలి, అది వంకరైతే వెయ్యి ముక్కలు వంకరగానే పాసవుతాయి. ఆ పాఠం ఆ క్షణాన గుర్తు రాలేదంటే అబద్ధం. వచ్చింది. దాని వెనకే మార్చి నెల కూడా వచ్చింది.

"తమరి స్వింగే సార్, మాస్టర్."

సూర్యారావు నవ్వాడు. "నాదా? నా బంతి కుడికి పోతుంది కదయ్యా?"

"అది గాలి సార్."

రెండేళ్ళు ఉంచుకోమన్న మాటను కూడా ఆయన చెవిన వేసి భీమశంకరం పనిలోకి దిగాడు. ట్రైనింగ్ విభాగం నుంచి వీడియో కెమెరా తెప్పించి చైర్మన్ స్వింగును వెనకనుంచీ పక్కనుంచీ తీయించాడు. టీవీ తెర మీద ట్రేసింగ్ కాగితం అంటించి, బొమ్మను ఆపి ఆపి, భుజం ఎంత తిరిగిందో, నడుము ఎన్ని డిగ్రీలు వంగిందో కొలిచి డ్రాయింగు గీశాడు. వర్క్‌షాపులో ఇనప గొట్టం వంచి మనిషెత్తు చట్రం చేయించాడు. ఆటగాడు అందులో నిలబడి, కర్ర గొట్టాన్ని ఒరుసుకుంటూ పోయేలా తిప్పాలి. గొట్టాన్ని వదిలితే చొక్కాకు ఎర్రచీటీ.

నలుగురిలో పెద్దవాడు పర్సనెల్ మేనేజర్ సొలొమోను, సంగారెడ్డి మనిషి. బావిలోంచి నీళ్ళు చేదుతున్నట్టు వంగి కొట్టేవాడు, కానీ బంతి ఆయన అనుకున్న చోటే పడేది. "పన్నెండేండ్ల సంది నా బంతి చక్కగనే పోతున్నది గద సార్. ఇప్పుడు దానికి గీ గొట్టమెందుకు?" అన్నాడు.

"మీ బంతి తిన్నగా పోవడం అదృష్టమండీ, టెక్నిక్ కాదు" అన్నాడు భీమశంకరం. సొలొమోను నిట్టూర్చి చట్రంలో దూరాడు. చైర్మన్ స్వింగు నాకొద్దు అనే ధైర్యం ఆయనకు మాత్రం ఎక్కడిది?

రెండు నెలలు తిరిగేసరికి నలుగురూ అచ్చుగుద్దినట్టు ఒకేలా తిప్పడం నేర్చారు. మైదానంలోకి వచ్చి కొడితే నాలుగు బంతులూ గోడ దాటాయి. చైర్మన్ గాలి ఇప్పుడు అందరికీ తగులుతోంది. ఐలన్న జొన్నచేలోంచి బంతులు ఏరుకొచ్చి భీమశంకరం ముందు నిలబడ్డాడు.

"సారూ, జెర నా మాట ఇనుండ్రి. గాలి లేదు, ఏం లేదు. పెద్దసారు కర్రను బయటికెల్లి లోపటికి గుంజుతడు. గందుకే బంతి కుడికి తిరుగుతది. గదే రోగం మీరు గీ నలుగురికి అంటిచ్చిన్రు."

"నీకు టెక్నికల్ విషయాలు తెలియవు. నువ్వు బంతులు ఏరుకో" అన్నాడు భీమశంకరం. అన్నాక సిగ్గేసింది. ఐలన్న చెప్పిన ఆ లోపాన్ని ఆయన మొదటి రోజే ట్రేసింగ్ కాగితం మీద చూశాడు. గీత సరిచేద్దామని పెన్సిలు ఎత్తి, మళ్ళీ దించేశాడు.

కప్పు రోజున నాలుగు ఫ్యాక్టరీల జనం వచ్చారు. ముందు మనవాళ్ళు నలుగురూ కొట్టారు. ఐలన్న గోడ పక్కనే నిలబడ్డాడు. నాలుగు బంతులూ ఒకదాని వెనక ఒకటి అతని నెత్తిమీదుగా పోయాయి. "ఎవడ్రా ఆడ? నా సేన్ల గుడ్లు పెడుతున్నరా ఏంది!" అని గోడవతల బక్కమ్మ లేచింది. వచ్చినవాళ్ళు పడీపడీ నవ్వారు.

సూర్యారావు కర్ర తీసుకున్నాడు. ఐలన్న గోడ దగ్గర్నుంచి నింపాదిగా నడిచొచ్చి మైదానం మధ్యలో నిలబడ్డాడు. పెద్దసారు బంతికి అతను గోడ వదలడం భీమశంకరం ఎన్నడూ చూడలేదు. చైర్మన్ బంతి గీత గీసినట్టు పోయి ఐలన్న ముందు పడింది. జనం చప్పట్లు కొట్టారు.

సూర్యారావు నేరుగా భీమశంకరం దగ్గరికి వచ్చాడు.

"పోయిన నెల ఐలన్నను అడిగానయ్యా, నిజంగా ఇది గాలేనా అని. ఐదు నిమిషాల్లో చెప్పేశాడు. మూడు వారాలు పొద్దున్నే వచ్చి దిద్దుకున్నాను. నువ్వు నా లోపాన్ని ఎప్పుడో పట్టుకుని, వీళ్ళకు దిద్దే నేర్పి ఉంటావనుకున్నాను." గోడ వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగాడు. "నువ్వు చూడలేదా?"

చూడలేదంటే ముప్పై ఏళ్ళ క్వాలిటీ మనిషి గుడ్డివాడని తేలుతుంది. వంకర గేరును చూసి మంచిదని చీటీ రాసే పని ఆయన ఏనాడూ చేయలేదు. ఆ ఒక్క గర్వమే ఇన్నేళ్ళూ ఆయన్ని నిలబెట్టింది. దాన్ని కూడా పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు.

"చూశాను సార్. మొదటి రోజే."

 సూర్యారావు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"చూడలేదంటే, కళ్ళద్దాలు మార్పించి ఇంకో రెండేళ్ళు ఉంచుకునేవాణ్ణి భీమశంకరం."

ఆ గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండునని భీమశంకరానికి అనిపించింది.