రెండింతల రెక్క

మొదటి విమానం రెక్క రెండు మూరలు. నేను తేలిక కర్రతో చేస్తే, అక్క దానికి పల్చటి గుడ్డ కుట్టింది. మైదానంలో వదిలితే నింపాదిగా వచ్చేది. నేల తగిలితే ముక్కు విరుగుతుందని అక్క ఎదురుగా నిలబడి, పిల్లికూనను అందుకున్నట్టు రెండు చేతులతో పట్టుకునేది.

బొమ్మల కొట్టాయన చూసి, "దీనికి రెండింతలది చెయ్యి, జనం ముందు ఎగరేద్దాం" అన్నాడు. పొడవు, వెడల్పు, మందం, అన్నీ రెండింతలు పెట్టి చేశాను.

అక్క ఎత్తి చూసింది. "ఒరేయ్, ఇది మరీ బరువుందిరా. దీన్నీ చేత్తోనే పట్టాలా?"

"రెండింతలు పెద్దదైతే రెండింతలు బరువుంటుంది. నువ్వు చేతులు చాపు, చాలు."

ఆ రోజు నలభై మంది దాకా వచ్చారు. బావ, నేను చెరో రెక్క పట్టుకుని పరిగెత్తి వదిలాం. అది నింపాదిగా పోలేదు, దూసుకుపోయింది. ఎదురుగా నిలబడి పట్టబోయిన అక్క కుడి మణికట్టు విరిగింది.

అందరూ నా వైపు చూశారు.

"కంగారుపడి చెయ్యి అడ్డం పెట్టింది" అన్నాను.

అక్క విన్నది.

వారం తిరిగేసరికి కొట్టాయన ఆ మాట ఊరంతా చేరవేశాడు. ఆవిడ చేతికి నిదానం లేదట అనుకున్నారు. అక్కకు కుట్టడానికిచ్చిన బట్టలు కొందరు వెనక్కి తీసుకుపోయారు.

అప్పుడు రెండు విమానాలూ తూచాను. చిన్నది అరకిలో. పెద్దది నాలుగు కిలోలు. పెద్ద రెక్క మీద చిన్న రెక్కను పరిచి చూస్తే నాలుగు పట్టాయి. నాలుగు రెక్కల చోటు ఎనిమిది విమానాల బరువు మోస్తోంది. జానెడు రెక్క మీద భారం రెండింతలు. అంత భారంతో గాలిలో నిలవాలంటే అది చిన్నదానికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా పోవాలి. పిచ్చుక వాలినచోటే ఆగుతుంది. పెద్ద బాతు నీళ్ల మీద చాలా దూరం జారితే గాని ఆగదు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే.

అక్క ఎడమ చేత్తో గుండీ కుడుతోంది. "తప్పు నీ చేతిది కాదు, నా లెక్కది" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "నాకు తెలుసులేరా. తెలియనివాళ్లకు చెప్పు."

మర్నాడు సాయంత్రం కొట్టు నిండా మనుషులుండగా వెళ్లాను. బావ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. విమానాలు రెండూ బల్ల మీద పెట్టాను. నేల చూస్తూ, అక్క ముందే చెప్పిందనీ, నేనే వినలేదనీ, ఆ పైన అబద్ధమాడాననీ అన్నాను.

"కాస్త గట్టిగా చెప్పు బామ్మర్దీ" అన్నాడు బావ. "ఆ రోజు గట్టిగానే చెప్పావుగా."

తల ఎత్తి మళ్లీ మొదటినుంచి చెప్పాను.