నిలువు కొలిమి

మా వీధిలో నా గురించి గొప్పగా చెప్పేవాడు ఒకే ఒక్కడున్నాడు. వాడు నేనే. వంటింటి కత్తుల నుంచి గొడ్డళ్ళ దాకా ఏదైనా చేసిస్తానని డప్పు కొట్టుకుంటాను. నిజానికి నేను చేసేది సుత్తితో బాదడం వరకే. ఆ ఉక్కు కత్తిగా పనికొచ్చేది మా ఆవిడ చేతిలో. ఎంత వేడికి కాల్చాలో, ఎప్పుడు నూనెలో ముంచాలో, ముంచాక మళ్ళీ సన్నసెగలో ఎంతసేపు ఉంచి పెళుసుతనం తీయాలో అన్నీ ఆవిడే చూస్తుంది. బోర్డు మీద పేరు మాత్రం నాది.

ఈ సంగతి ఊరవతల పనిముట్ల ఫ్యాక్టరీవాళ్ళకి కూడా తెలిసిపోయింది. వాళ్ళ కొలుముల పని చూసుకోమని ఆవిడని పిలిచారు.

"సోమవారంలోగా చెప్పమన్నారు బావా," అంది. "ఇక్కడ నేను చెప్పింది నువ్వు ఒక్కటీ వినవు. అక్కడైతే జీతమిచ్చి మరీ వింటారట. ఈ పొడుగు కత్తి పని కానీ, ఉంటానో పోతానో అప్పుడు చెప్తా."

వెళ్ళొద్దనే మాట నోటిదాకా వచ్చింది. పైకి మాత్రం "నీ ఇష్టం," అన్నాను. అంత పెద్దమనిషిని నేను.

ఆ పొడుగు కత్తి, కత్తిసాము నేర్పే మాస్టారు చేయించుకుంటున్నది. నేలమీద నిలబెడితే నా ఛాతీదాకా వస్తుంది. మా పాత కొలిమిలో సగం కూడా పట్టదు. పైగా అంత పొడవున్న దాన్ని పడుకోబెట్టి కాలిస్తే తన బరువుకి తానే వంగిపోతుంది. అందుకని డ్రమ్ము మీద డ్రమ్ము అతికించి, లోపల వేడికి ఆగే మట్టి పూసి, నిలువు కొలిమి కట్టాను. పక్కనే నూనె పోసిన నిలువు గొట్టం నిలబెట్టాను. కత్తిని కొక్కేనికి వేలాడదీసి కాల్చడం, పైకి లాగడం, గొట్టంలో ముంచడం. అంతే పని.

"కొలిమి వెలిగించకముందే ఒకసారి కత్తిని తీసి, ముంచి చూద్దాం," అంది మా ఆవిడ. ఏ పనైనా ముందు చల్లటి ఉక్కుతో ఉత్తుత్తిగా చేసి చూడడం ఆవిడ పద్ధతి.

"నాకా చెప్తున్నావు? కొలిమి కొలిచాను, గొట్టం కొలిచాను, కత్తి కొలిచాను. ఇంకేం మిగిలింది?" అన్నాను.

ఏం మిగిలిందో కాసేపట్లోనే తెలిసింది. కత్తి నారింజ రంగుకి వచ్చింది. ఆవిడ తలూపింది. నేను బల్లెక్కి, మీసం ఒకసారి సవరించుకుని, కొక్కేన్ని పట్టకారుతో పైకి లాగాను. కత్తి సగానికి పైగా వచ్చి, రేకుల కప్పుకి టంగుమని కొట్టుకుంది. మిగతాది ఇంకా కొలిమిలోనే ఉంది.

అన్నీ కొలిచిన మహానుభావుణ్ణి, కత్తి పైకి రావడానికి ఎంత చోటు కావాలో మాత్రం కొలవలేదు. కాస్త పక్కకి వాల్చినా ఎర్రటి ఉక్కు వంకర తిరిగిపోతుంది. ఈ కత్తితో పాటు మా ఆవిడ కూడా పోతుంది, ఇక నేనూ నా బోర్డూ మిగులుతాం అనుకున్నాను.

"దించు," అంది ఆవిడ.

"ఏంటి?"

"మళ్ళీ లోపలికి దించు బావా! పైసగం చల్లారిపోతోంది. లోపల ఎక్కువసేపు కాలినా ఎందుకూ పనికిరాదు. దించు, తొందరగా!"

దించాను. ఆవిడ గడ్డపార పట్టుకుని బల్లెక్కి, నన్ను పక్కకి నెట్టి, రేకుని కింద నుంచి ఎడాపెడా పొడిచింది. మేకులు ఊడి, రేకు దడాలున అవతల పడింది. కప్పులో తలుపంత ఆకాశం కనిపించింది.

ఈసారి కత్తి పూర్తిగా వచ్చింది. ఎదురు డాబా మీద బట్టలు ఆరేస్తున్న పెద్దావిడ, మా కప్పులోంచి మొలిచిన నిప్పుకత్తిని చూసి బకెట్టు వదిలేసి పరుగు లంకించుకుంది. సంజాయిషీ చెప్పుకునే తీరిక నాకు లేదు. కత్తిని గొట్టంలో ముంచాను. నూనె భగ్గుమని మండి ఆరిపోయింది. పైకి తీసి చూస్తే నడుము దగ్గర సన్నటి వంకర.

నూనెలోంచి తీశాక కొద్ది నిమిషాలు ఈ ఉక్కు చెప్పిన మాట వింటుంది. ఆ తర్వాత బిగుసుకుపోతుంది, బలవంతం చేస్తే విరుగుతుంది. గబగబా తోలు తొడుగులు వేసుకున్నాం. ఆవిడ పిడి వైపు నుంచి ఒంటికన్నుతో చూస్తోంది. నేను మోకాలికి ఆనించి నొక్కుతున్నాను.

"ఇంకొంచెం. ఇంకొంచెం. చాలు!"

ఇంకాస్త నొక్కాలని నా చేతులు దురదపెట్టాయి. నీకేం తెలుసనడానికి నోరు కూడా తెరుచుకుంది. అయినా ఆపేశాను. ఆవిడ కత్తిని చూడడం మానేసి నా ముఖంలోకి చూసింది, జ్వరం గానీ తగిలిందా అన్నట్టు.

వంకర పోయింది. చేత్తో పట్టుకునేంత చల్లారగానే కత్తిని సన్నసెగలో పెట్టి ఆవిడ బల్లమీద కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను.

"మరి సోమవారం సంగతి?" అన్నాను. ఈసారి 'నీ ఇష్టం' అనలేదు. "వెళ్ళొద్దు. నువ్వు లేకపోతే నావల్ల కాదు."

ఆవిడ తలెత్తి పైకి చూసింది. "కప్పు లేని షాపుని వదిలేసి ఎలా పోతాను? అది బాగయ్యేదాకా ఉంటాలే."

"ఎవరు బాగుచేయాలి?"

"నువ్వే. రేకు తెచ్చి బిగించడమేగా, నీకు రాని పనా?"

మాస్టారు కత్తి పట్టుకెళ్ళి చాలాకాలమైంది. ఫ్యాక్టరీవాళ్ళు మళ్ళీ మనిషిని పంపితే, కప్పు పని ఇంకా కాలేదని చెప్పి పంపించేసింది. పైన టార్పాలిన్ కట్టాం. గాలొస్తే పటపటా కొట్టుకుంటుంది, వానొస్తే పని ఆపేసి ఇద్దరం ఓ మూల నిలబడతాం. రేకు కోసం బజారుకి వెళ్ళిన ప్రతిసారీ నేను ఇంకేదో కొనుక్కొస్తున్నాను. మొదట్లో ఆవిడ రేకేదని అడిగేది. ఇప్పుడు అడగడం లేదు.