పసుపు బల్బు కింద

మోచేతిదాకా చెయ్యి నీళ్లలో ముంచి, గాజుకు పట్టిన నాచును గీకుతోంది ఆమె. నాచు ఎప్పుడో పోయింది. అయినా గీకుతూనే ఉంది. తలెత్తితే చేపలకు మేత వేసే మేతాయన కనిపిస్తాడు. ఈ రోజుతో ఆయన ఉద్యోగం ఆఖరు.

ఆ పెద్ద తొట్టిలో ఎర్ర చేపలూ నీలం చేపలూ కలిసే తిరుగుతాయి. మధ్యలో తెర లేదు. ఒకప్పుడు ఒకే సరస్సులో అన్నీ ఒకే జాతట. లోతున బతికేవాటి కంటికి ఎరుపు ఆనింది, పైపైన తిరిగేవాటికి నీలం ఆనింది. తరాలు గడిచేకొద్దీ ఎరుపు ఎరుపునే కోరుకుంది, నీలం నీలాన్నే. ఆడచేప చూపే వాటి మధ్య గోడ. చూడవచ్చిన వాళ్లందరికీ, ఈ చేపల మీద పరిశోధన చేసే మేడమ్ ఆ తొట్టి చూపించి మురిసిపోయేది.

ఆ గోడ కూల్చింది గాజు గీకుతున్న ఈమే.

మొన్న వానల్లో తొట్టి మీది ట్యూబులైటు మాడిపోయింది. మేడమ్ ఊళ్లో లేదు, మేతాయన జ్వరంతో పడున్నాడు. స్టోరు గుమాస్తాను అడిగితే "మీ నాన్న ఏమైనా లైట్ల ఫ్యాక్టరీ పెట్టాడా?" అని పదిమందిలో కడిగేస్తాడు. ఆ మాటలు పడలేక నడవాలోని వీధిదీపం రకం పసుపు బల్బు పీక్కొచ్చి తగిలించింది. కొత్త ట్యూబు వచ్చేదాకా అదే వెలిగింది. ఆ వెలుగులో ఎరుపూ నీలమూ ఒకే బూడిద. ఆడచేపలకేం తెలుస్తుంది? ఎదురొచ్చి తోకాడించినవాడే మొగుడు.

ఇప్పుడా పిల్లలు ఎదిగాయి. ఎరుపు కాదు, నీలం కాదు, బురద రంగు. వాటివైపు ఏ ఆడదీ చూడదు. ఎర్రవీ తరుముతాయి, నీలంవీ తరుముతాయి. రాళ్ల వెనక నక్కి బతుకుతున్నాయి.

పక్క గదిలో ఎరుపునూ నీలాన్నీ కావాలని కలిపి పుట్టించిన చేపల తొట్టి ఒకటుంది. అక్కడి చేపల్ని మేతాయనే పొరపాటున ఇందులో వేశాడని తేల్చేశారు. లైటు సంగతి ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు? కింది మెట్టు మీద ఒకడు దొరికితే విచారణ అక్కడితో సరి.

"మెల్లగా గీకవే పిల్లా, గాజు కూడా ఊడొస్తుంది" అన్నాడు మేతాయన, బకెట్ దించుతూ.

"నువ్వు వెయ్యలేదు బాబాయ్."

"నీకేం తెలుసే? కళ్లు పోయాయి. ఇన్నేళ్లలో ఒక్కదాన్ని కలపలేదని మీ పిన్ని దగ్గర ఎన్ని కోతలు కోశానో! నిన్న నా చొక్కా అనుకుని దాని జాకెట్లో చెయ్యి దూర్చా. ఇంకేం కళ్లు!"

ఆయన నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. మేడమ్ లోపలికి వచ్చింది.

"అమ్మా, ఆ లైటు..."

"మళ్లీ మాడిందా?"

చెప్పెయ్యాలి. ఇప్పుడే. తన ఇంట్లో గిన్నె పొయ్యెక్కేది తన జీతంతోనే. నిజమే. మరి ఆయనింట్లో గిన్నె గాలితో ఉడుకుతుందా?

"లేదమ్మా. బాగానే వెలుగుతోంది."

"సరే. ఆ బురద రంగువన్నీ తీసెయ్యండి" అని మేడమ్ బకెట్లో మత్తుమందు కలిపి వెళ్లిపోయింది.

మేతాయన వల దించాడు. అంత గుంపులో, అంత పరుగులో, ఒక్క ఎర్రదాన్ని తాకలేదు, ఒక్క నీలందాన్ని తాకలేదు. రాళ్ల సందుల్లోంచి బురద రంగువాటినే ఏరి తీశాడు. ఒక్కటీ తప్పిపోలేదు. ఆ కళ్లకేం కాలేదు. ఆమె పక్కనే నిలబడి చూసింది.

బకెట్లో చేపలు కాసేపు మెల్లగా తిరిగి, పక్కకు ఒరిగి, కదలడం మానేశాయి.

"వస్తానే పిల్లా. ఇంకో మసక కళ్లోడిని రానివ్వకు" అని చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడాయన. తలుపు చప్పుడు కూడా చెయ్యలేదు.

బకెట్ అంచున ఆయన వల వేలాడుతోంది. పాత దోమతెర ముక్కతో తనే కుట్టుకున్నది, చేప పొలుసు గీరుకోకూడదని అంచంతా మెత్తటి గుడ్డ చుట్టినది. దాని కొసన ఒక నీటిచుక్క ఊరి, బరువెక్కి, రాలకుండా పట్టుకుని ఉంది.