శవం లేని పాడె

కార్పుస్ చావును పుడెన్స్ కళ్ళారా చూశాడు.

ఓస్టియా రేవులో వీరియస్ రొట్టెల బట్టీ. ఇద్దరూ అక్కడి బానిసలు. గాడిద చచ్చింది. కొత్తది కొనేదాకా తిరగలికి మనుషుల్ని కట్టారు. పిండి బొక్కకుండా వాళ్ళ మెడలకు చెక్క చక్రాలు బిగించారు. చక్రం ఉంటే చెయ్యి నోటికి అందదు. కార్పుస్ తూలి పడ్డాడు. చక్రం అంచు తిరగలి కాడికీ గోడకీ మధ్య ఇరుక్కుంది. అవతలివైపు తోస్తున్నవాడికి అది కనపడదు, వాడు తోశాడు. పిండి పిసికే తొట్టి దగ్గర్నుంచి పుడెన్స్ ఆపమని అరిచేసరికే కార్పుస్ మెడ వాలిపోయింది.

వీరియస్ వచ్చి చూశాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళని ఒక్కొక్కరినే చూశాడు.

"జ్వరంతో పోయాడు," అన్నాడు. "విన్నారుగా?"

శవం మీద గోనె కప్పి, పెరటి గుమ్మం గుండా బండి మీద తోలించేశాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.

కార్పుస్ కాటి సంఘంలో సభ్యుడు. బట్టీల్లో బానిసలు, విడుదలైనవాళ్ళు, రేవు కూలీలు అందరూ అందులో వాళ్ళే. నెలకోసారి కూడి, తలా ఇంత వేసుకుని, కలిసి తింటారు. ఎవరైనా పోతే మోసుకెళ్ళి చితి పెడతారు. సర్కారు పేదవాళ్ళకి ఒప్పుకున్న సంఘం అదొక్కటే. బతుకు కోసం పదిమంది కూడితే కుట్ర. చావు కోసం కూడితే ధర్మం.

సంఘం పెద్ద యూటికస్ వెళ్ళి శవం అడిగాడు. ఆయన కూడా ఒకప్పుడు బట్టీ బానిసే. నా బానిస, నా శవం, నీకేం పని అని వీరియస్ గుమ్మం దగ్గర్నుంచే పంపేశాడు. శవాన్ని కడిగేది సంఘం వాళ్ళే. కడిగితే మెడ కనపడుతుంది.

మర్నాడు వీరియస్ పుడెన్స్‌ని గదిలోకి పిలిచాడు. కూచోమన్నాడు. పుడెన్స్ కూచోలేదు. దొర కూచోమంటే ఎందుకన్నాడో ముందు ఆలోచించుకోవాలి.

"వచ్చే నెల మొదటి రోజున నిన్ను అధికారి ముందుకు తీసుకెళ్ళి విడిపిస్తా," అన్నాడు వీరియస్. "సంఘంలో ఎవరేం మాట్లాడుతున్నారో నాకు తెలియాలి. ఈ మాట మన మధ్యే ఉండాలి."

పుడెన్స్ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. పదేళ్ళ వయసులో అమ్ముడుపోయినవాడు. విడిపిస్తాననే మాట కోసం ముప్ఫై ఏళ్ళు ఎదురుచూశాడు. తిరిగి తొట్టి దగ్గరికెళ్ళి పిండి పిసికాడు.

తను చెప్పకపోయినా మాటలు చేరుతూనే ఉన్నాయి. పొయ్యి దగ్గర గుసగుసగా అనుకున్నది సాయంత్రానికి దొర నోట వినబడింది. చెబుతున్నది పొయ్యివాడు ట్రోఫిమస్ అని పుడెన్స్ అనుకున్నాడు. వాడు దొర గదిలోంచి మూతి తుడుచుకుంటూ రావడం చూశాడు. ట్రోఫిమస్ కూడా పుడెన్స్ ఎదురైతే తల తిప్పుకుంటున్నాడు. పిండి జల్లించే రెస్టిటూటా ఇద్దర్నీ చూసి మాట ఆపేస్తోంది. రొట్టె ముక్క పంచుకునేవాళ్ళు ఎవరి మూల వాళ్ళు పట్టారు. కొరడా లేకుండానే బట్టీ అణిగింది.

సంఘం కూడిన రోజున యూటికస్ గోడకున్న రాతిపలక చూపించాడు. సంఘం పెట్టిననాడు చెక్కిన నియమాల్లో ఒకటి: బానిస చనిపోతే, యజమాని దుర్మార్గంతో శవం ఇవ్వకపోతే, బొమ్మ చేసి దానికి అంత్యక్రియ జరపాలి.

రేవు కూలీ టెర్షియస్ అడ్డం లేచాడు. పుట్టుకతో బానిస కాడతను. ఇది బానిసల గొడవ, మమ్మల్ని ఇందులోకి లాగొద్దు అన్నాడు. నువ్వు పోతే నీ శవాన్ని సెనేటర్లు మోస్తారా అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. రెస్టిటూటా నవ్వలేదు.

"ముందు ఒకటి తేలాలి," అంది. "పుడెన్సూ, దొర గదిలోకి నువ్వెందుకెళ్ళావు?"

అందరూ అటు తిరిగారు.

"పిలిస్తే వెళ్ళాను. విడిపిస్తానన్నాడు. మీ మాటలు మోసుకురమ్మన్నాడు."

"మోశావా?"

"లేదు."

నమ్మమంటావా అని ఒకరు, మేకకి గడ్డి చూపిస్తే మానుతుందా అని ఇంకొకరు. ఆ గోలలో ట్రోఫిమస్ గోడ దగ్గర్నుంచి ముందుకు వచ్చాడు.

"నాకూ అదే చెప్పాడు," అన్నాడు. "వచ్చే నెల మొదటి రోజే. పొయ్యి దగ్గర మాట మోసింది నేను. పుడెన్స్ ఎలాగూ చెప్పేసి ఉంటాడు, నేనే వెనకబడిపోతానేమో అనుకున్నా."

ఎవరూ అతని మీద చెయ్యి చేసుకోలేదు. రెస్టిటూటా జల్లెడ పట్టే చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, నాతో కూడా అదే రోజు అన్నాడు అంది.

యూటికస్ లేచి నిలబడ్డాడు.

"ఒకే ఎముక ముగ్గురికి చూపించాడు," అన్నాడు. "ద్రోహి ఎవడని మనం ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. ఆయన మొహం ఎవరూ చూడటం లేదు. ఇక చెప్పేవాడు చెప్పనీండి. అంత్యక్రియ చట్టం ఒప్పుకున్నదే. దాచాల్సింది మన దగ్గర ఏముంది?"

బొమ్మ చేద్దామన్నారు. గోనెసంచిలో గడ్డి కూరదామన్నారు. మొహం పిండితో చేసి కాలుస్తానని ట్రోఫిమస్ అన్నాడు. రెస్టిటూటాకి అది చాలలేదు. గడ్డిబొమ్మ ఎవరిదైనా కావచ్చు, జ్వరంతో పోయాడంటే ఊరు నమ్ముతుంది, మెడకి ఆ చక్రం ఉండాలి అంది. చక్రం బట్టీ కొట్లో ఉంది. దాని మీద వీరియస్ ముద్ర కాల్చి ఉంది. తీస్తే దొంగతనం.

"నేను తెస్తాను," అన్నాడు పుడెన్స్.

చక్రం తెస్తాడో, కావలివాళ్ళని తెస్తాడో అన్నాడు టెర్షియస్.

పాడె ఎత్తే రోజు అందరూ సందు మొగలో నిలబడ్డారు. ఎండ గోడ దిగి వీధిలోకి వచ్చింది. పుడెన్స్ జాడ లేదు. ఇద్దరు ముగ్గురు మెల్లగా గుంపు చివరికి జరుగుతున్నారు.

అప్పుడు వచ్చాడు. చక్రం తన మెడకే బిగించుకుని పెద్ద గుమ్మం గుండా నడిచి వచ్చేశాడు. మెడకి చక్రం ఉన్న బానిసని ఎక్కడికిరా అని ఎవడూ అడగడు, దొర పనిమీదే పోతున్నాడనుకుంటారు. టెర్షియస్ వెళ్ళి తనే సీల ఊడదీశాడు. చక్రాన్ని బొమ్మ మెడకి తగిలించి పాడెకి ముందు కొమ్ము తను పట్టాడు, రెండోది పుడెన్స్.

బట్టీల వీధిలో శవయాత్ర నడిచింది. గుమ్మాల్లోకి వచ్చినవాళ్ళు ముందు బొమ్మని చూసి నవ్వారు. తర్వాత చక్రం చూశారు. నవ్వు ఆగింది. ఒక బట్టీలో తిరగలి చప్పుడు ఆగింది. పక్కదాంట్లోనూ ఆగింది. పిండి చేతులతోనే మనుషులు వెనక చేరారు.

వీరియస్ గుమ్మం ముందు పాడె ఆగింది. నగరాధికారి కావలివాళ్ళతో వచ్చాడు. రాత్రి విందులో వీరియస్ పక్కన కూచున్నది ఆయనే.

"ఏమిటీ గుంపు?"

"అంత్యక్రియ అండీ," అన్నాడు యూటికస్.

"శవమేది?"

"మేమూ అదే అడుగుతున్నాం."

అధికారి వీరియస్ వైపు చూశాడు. వీరియస్ చక్రం వైపు చూపించి, అది నా సొత్తు, దొంగిలించారు అన్నాడు. ముద్ర ఉందని తనే చెప్పాడు. కార్పుస్ మెడకున్నది ఎవరి చక్రమో అలా ఊరందరికీ తెలిసింది.

ఎవరు తెచ్చారని అధికారి అడిగాడు. పుడెన్స్ పాడె కొమ్ముని పక్కవాడి భుజానికి మార్చి ముందుకు వచ్చాడు. చేతులు కట్టారు. వచ్చే నెల మొదటి రోజున వస్తుందన్న విడుదల పోయింది. అతనికి అది తెలుసు. ట్రోఫిమస్ ఆ ఖాళీ అయిన కొమ్ము కిందికి భుజం పెట్టాడు.

కావలివాళ్ళు పుడెన్స్‌ని చెరసాలకి నడిపించారు. పాడె వెనకే నడిచింది. శ్మశానం ఊరి గోడ అవతల ఉంది, చెరసాల ఊరి నడుమ ఉంది. ఒక్కరూ దారి తప్పామనలేదు. చెరసాల గుమ్మం ఎదుట పాడె దింపి చుట్టూ కూచున్నారు. ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. పొద్దు తిరిగింది. ఓస్టియాలో రొట్టె దొరకడం లేదని ఓడల మీదినుంచి నావికులు అధికారికి కబురు పంపారు.

అధికారి మళ్ళీ బయటికి వచ్చాడు.

"అయిపోయిందిగా. ఇక ఇళ్ళకి పొండి."

"ఎక్కడయిందండీ," అన్నాడు యూటికస్ లేవకుండానే. "చితి అంటించందే అంత్యక్రియ అయినట్టు కాదు. అది అయ్యేదాకా కూడి ఉండమని మీ చట్టమే చెప్పింది."

"ఎప్పుడు అంటిస్తారు?"

"శవం ఇచ్చాక."

అధికారి గుంపు వైపు చూశాడు. వీధి చివర్నుంచి ఇంకా వస్తున్నారు.