వంకరగా దిగిన తెర

"నువ్వు నోరు విప్పక్కర్లేదే. తెర ఎత్తి ఉంచు, లేదా దించు. అంతే!" అన్నాడు అన్నయ్య.

చెప్పు పట్టీ బిగిస్తున్న చెల్లెలు టక్కున తలెత్తింది. వంటగదిలో వదిన గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా గొంతు తగ్గించింది.

"మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"ఉంది కాబట్టే అడుగుతున్నా. మీ హాల్లో నీ సీటు కిటికీ పక్కనే. మూడేళ్ళుగా చూస్తున్నా, నా దుకాణంలోంచి నువ్వు తల గోక్కోవడం కూడా కనిపిస్తుంది."

అన్నయ్యది డబ్బు మార్చే దుకాణం. మన నోట్లు తీసుకుని పక్క దేశం నోట్లిస్తాడు, వాళ్ళవి తీసుకుని మనవిస్తాడు. గణాంకాల ఆఫీసుకి ఎదురుగా అలాంటి దుకాణాలు వరసగా ఐదున్నాయి. మధ్యది అతనిది.

చెల్లెలు ఒక వార్తా సంస్థలో విలేకరి. ఏడాదికోసారి ఆ ఆఫీసు, దేశం ఎంత ఉత్పత్తి చేసింది, ప్రభుత్వం నెత్తిన అప్పు ఎంతుంది అనే లెక్క విడుదల చేస్తుంది. పక్కనే పొరుగు దేశం లెక్క కూడా వేస్తుంది, జనం పోల్చుకోవడానికి. పదింటికి విడుదల. దానికి గంట ముందే విలేకరులందరినీ ఒక హాల్లో పెట్టి తాళం వేసి, అంకెలు చేతికిస్తారు. అర్థం చేసుకుని రాయమని. ఫోన్లు బయట పెట్టెలో ఉంటాయి. పదింటికి గంట మోగాకే కంప్యూటర్లకి లైను కలుపుతారు. ఈలోగా మాట బయటికి పొక్కిందా, పొక్కించినవాళ్ళకి ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా.

"తెర ఎత్తి ఉంటే మన లెక్క వాళ్ళకన్నా మెరుగని అర్థం. నా దగ్గరున్న వాళ్ళ నోట్లన్నీ మనవాటిలోకి మార్చేస్తా. దించి ఉంటే మన పని అధ్వానమని. అప్పుడు ఉల్టా," అన్నాడు అన్నయ్య. "పావు తక్కువ పదికి పైకి చూస్తా. అప్పుడే నోట్లు మార్చమని ఫోన్ చేస్తా."

"చచ్చినా చెయ్యను."

"ఇంటి కాగితాలు బ్యాంకులో తాకట్టు పెట్టి నోట్లు కొన్నానే," అన్నాడతను, వంటగది వైపు ఓ కన్నేసి. "మీ వదినకి తెలీదు. ఇవాళ వాటిని తప్పు వైపు మార్చానంటే మనందరం రోడ్డు మీదే."

ఆమె చెప్పు పట్టీ వదిలేసి లేచింది. తర్వాత వేలు చూపించి అంది. "విను. నేనా తెర జోలికి పోను. అది ఎలా ఉన్నా నా కబురు కాదు. బుర్రకెక్కిందా?"

అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు. కాదంటే ఔనని రాసుకునే నవ్వు.

హాలు గుమ్మం దగ్గర ఆమె చేసిన మొదటి పని, సీటు మార్చమని అడగడం.

"కార్డు మీద ఏ నంబరుంటే అదే మేడమ్," అంది గార్డు, ఫోను అందుకుని పెట్టెలో పెడుతూ. "మీరు మారితే అందరూ మారతామంటారు. పెళ్ళి పందిరా ఇది?"

కిటికీలకి సీలు వేశారు. కానీ తెర గురించి ఎవరూ ఆలోచించలేదు. ప్లాస్టిక్ పలకల తెర, చెరో పక్కా ఒక తాడు. పూర్తిగా పైకి చుట్టి ఉంది. ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. చూడకూడదనుకుంటూనే కిందకి చూసింది. రోడ్డుకవతల ఆకుపచ్చ చూరు కింద స్టూలు మీద అన్నయ్య. టీ గ్లాసు చేతిలో. మెడ పైకి.

"ఏం దశాంశం గారూ, ఈసారి చుక్క ఎక్కడ పెడుతున్నారు?"

అడిగింది ముందు వరసలో కూర్చునే పెద్దాయన. అందరికన్నా ముందు వార్త పంపుతాడని ఆయన్ని మెరుపు అంటారు. ఆమెని దశాంశం అంటారు. పోయినేడు ఇదే హాల్లో, ఉత్పత్తి అంకెలో చుక్క ఒక స్థానం పక్కకి పెట్టి, దేశాన్ని పదింతలు ధనికం చేసిన ఘనత ఆమెది. ఆ సవరణ పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ అంకెని ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

"మీ నెత్తిన పెడతా," అంది.

కాగితాలు పంచారు. నిమిషంలో హాలంతా కీబోర్డుల చప్పుడు. దేశం ఏడాదికి వంద ఉత్పత్తి చేస్తే, ప్రభుత్వం అప్పు యాభై ఎనిమిది. పక్క దేశానికి అరవై నాలుగు. పోయినేడు మనది అరవై ఆరు. అంటే ఒక్క ఏడాదిలో వాళ్ళ వెనకనుంచి ముందుకొచ్చేశాం.

"దాటేశాం రా నాయనా!" అన్నాడు మెరుపు చేతులు రుద్దుకుంటూ. "శీర్షిక దానంతటదే రాసుకుంటోంది."

ఆమె కూడా టైపు చేసింది. 'పొరుగు దేశాన్ని దాటిన...' వేళ్ళు అక్కడ ఆగిపోయాయి. ఏడాదంతా మూతపడిన మిల్లుల గురించి రాసింది తనే. జీతాలందని ఆస్పత్రుల గురించీ తనే. మరి ఉత్పత్తి ఇంత ఎలా పెరిగింది? పట్టికలో పోయినేటి ఉత్పత్తి అంకె చూసింది. తనకి కంఠతా వచ్చిన అంకె కాదది. దాదాపు ఏడో వంతు ఎక్కువుంది.

కాగితం మూల గబగబా భాగించింది. పోయినేటి అప్పుని ఈ కొత్త అంకెతో భాగిస్తే, అదీ యాభై ఎనిమిదే.

అంటే ఏడాదిలో కదిలిందేమీ లేదు. అప్పు తగ్గలేదు. మన ఉత్పత్తిని కొలిచే కొలతే మారింది. పట్టికలో పక్క దేశం పోయినేటి అంకె మాత్రం పాతదే. మనం కొత్త కొలతతో కొలుచుకుని, పాత కొలతతో ఉన్న పక్క దేశం పక్కన నిలబడి, పొడుగయ్యామంటున్నాం.

ఈ సంగతి పదిన్నరకో పదకొండుకో ఎవరో ఒకరు కనిపెడతారు. పదింటికి పైకి లేచిన మన నోటు విలువ అప్పుడు నమ్మకం పోయి ఇప్పుడున్న దానికన్నా కిందకి పడుతుంది. ఆలోపు కొన్నవాళ్ళ కొంప మునుగుతుంది.

ఆమె చూపు కిటికీ వైపు తిరిగింది. తెర ఎత్తి ఉంది.

అప్పుడు తట్టింది. తను ఏమీ చేయకపోతే కబురు వెళ్ళదనుకుంది పొద్దున. కానీ తెర ఎత్తి ఉన్నా కబురే, దించినా కబురే. ఊరికే కూర్చున్నా అన్నయ్యకి "మార్చెయ్" అని చెప్పినట్టే.

తలుపు తెరుచుకుని డైరెక్టర్ లోపలికొచ్చాడు. వెనకాలే తలుపుకి మళ్ళీ తాళం పడింది. ప్రొజెక్టరుతో గోడ మీద పట్టికలు వెయ్యబోతే ఎండకి ఏమీ కనిపించలేదు.

"కిటికీ పక్కనున్న అమ్మా, ఆ తెర కాస్త దించండి."

ఆమె కదల్లేదు.

"అమ్మా, మిమ్మల్నే."

దించితే? అన్నయ్య ఉన్న మన నోట్లన్నీ వదిలించుకుంటాడు. పదింటికి దేశమంతా "దాటేశాం" అని ఊగిపోతుంటే బెదిరిపోయి, హెచ్చు ధరకి మళ్ళీ అవే కొంటాడు. దించనంటే ఎందుకని అడుగుతారు. ఎందుకని చెప్పాలి?

"అది... కాస్త గట్టిగా ఉందండీ."

"మీరుండండి, నేను లాగుతా," అంటూ మెరుపు లేచాడు.

గోడ గడియారం పావు తక్కువ పదికి దగ్గరపడింది. కింద అన్నయ్య స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ఒక చేతిలో ఫోను. రెండో చెయ్యి ఎండకి అడ్డంగా నుదుటి మీద.

ఎత్తకుండా, దించకుండా ఏదైనా ఉందా? ఏ కబురూ కానిది?

మెరుపు చెయ్యి తాడు మీద పడేలోపు ఆమె లేచి ఒకవైపు తాడు పట్టుకుని బలమంతా పెట్టి గుంజింది. తెర ఆ పక్క సగం దాకా జర్రున జారింది. రెండో పక్క పైనే బిగుసుకుపోయింది. పలకలన్నీ ఏటవాలుగా వేలాడాయి. తాడు పుటుక్కున తెగి ఆమె చేతిలోకొచ్చింది.

"భలే! ప్రభుత్వ ఆస్తి ధ్వంసం," అన్నాడు మెరుపు. హాలంతా నవ్వింది.

డైరెక్టర్ చిరాకు పడ్డాడు. "పోనీండి. సగం కనిపిస్తోంది చాలు."

ఆమె కుర్చీలో కూలబడింది. వంకర తెరకి అర్థం లేదు. అర్థం లేనిదాన్ని చదవడం ఎవడి తరమూ కాదు. ఆ మాటే మనసులో మళ్ళీ మళ్ళీ అనుకుంటూ చెయ్యెత్తింది.

"పోయినేటి ఉత్పత్తి అంకె మారింది కదండీ. ఎందుకని?"

కీబోర్డులు ఒక్క క్షణం ఆగాయి.

"మంచి ప్రశ్న," అన్నాడు డైరెక్టర్, మంచిది కాదన్న ముఖంతో. "ఇంట్లో బట్టలు కుట్టేవాళ్ళు, గదులు అద్దెకిచ్చేవాళ్ళు, చిన్న మరమ్మతు దుకాణాలు... ఇన్నాళ్ళూ లెక్కలోకి రాలేదు. ఇప్పుడు చేర్చాం. తప్పేముంది?"

"తప్పు లేదండీ. పక్క దేశం వాళ్ళూ చేర్చారా?"

"అది వాళ్ళని అడగాలి."

మళ్ళీ నవ్వులు. మెరుపు మాత్రం నవ్వలేదు. ఆమె వైపు ఓసారి, గడియారం వైపు ఓసారి చూసి, శీర్షిక మార్చే టైము లేదన్నట్టు భుజాలెగరేశాడు.

గంట మోగింది.

అందరి వార్తలూ ఒక్క క్షణంలో దూసుకుపోయాయి. 'దాటేశాం.' 'పొరుగును వెనక్కి నెట్టిన దేశం.' ఆమె మొదటి వాక్యం చెరిపేసి కొత్తగా రాస్తోంది: అప్పు భారం మారలేదు, ఉత్పత్తి కొలత మారింది, పాత కొలతతో చూస్తే మనమే పక్క దేశం కన్నా ఎక్కువ అప్పులో ఉన్నాం. పంపేసి బయటికొచ్చి ఫోను అందుకునేసరికి అది చేతిలోనే మోగింది.

"నిద్రపోయావా అక్కడ?" అవతల డెస్కు ఇన్‌చార్జి అరుపు. "ఊళ్ళో ఆఖరి వార్త మనదే! అదీ అందరికీ ఉల్టా! మళ్ళీ చుక్క జారిందా?"

"జారలేదండీ. ఒక్క గంట ఆగి చూడండి."

"గంట తర్వాత నా కుర్చీలో ఎవరుంటారో కూడా చూస్తావు!"

మెట్ల మీద కూర్చుంది. కిందకెళ్ళి అన్నయ్య ముఖం చూడటం వాయిదా వేసింది. ఫోను తెర మీద మన నోటు విలువ పైకి ఎగబాకుతూనే ఉంది. అరగంట గడిచింది. గీత కాస్త వణికింది, ఆగింది, తర్వాత కొండమీంచి రాయి దొర్లినట్టు పడింది. మెరుపు సంస్థ సవరణ పంపింది. వెనకాలే ఇంకొకటి, ఆ వెనకాలే మరొకటి.

ఇన్‌చార్జి మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. "అమ్మా దశాంశం, భోంచేశావా?"

ఆమె జవాబు చెప్పకుండానే వీధిలోకి పరుగెత్తింది. అక్కడే ఆగిపోయింది.

అన్నయ్య దుకాణం షట్టరు దింపి ఉంది. దాని పక్కదీ దింపే ఉంది. ఆ పక్కదీ. చివరి షాపు తప్ప వరసంతా మూసేశారు, పట్టపగలు, ఏడాదిలో అన్నిటికన్నా గిరాకీ ఉండే రోజున.

పక్క గుమ్మంలోంచి లోపలికెళ్ళింది. చీకట్లో అన్నయ్య పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడగానే లేచి రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"నా బంగారు చెల్లీ! మనిల్లు ఇంకా మనకే ఉందే! ఏం కబురు పంపావే!"

"నేనేం పంపలేదు."

"వంకర తెర! ముందు అర్థం కాలేదనుకో. మంచిదైతే ఎత్తి ఉండాలి, చెడ్డదైతే దిగి ఉండాలి. వంకరగా ఉందంటే లెక్కే వంకరగా ఉందని! ఇవాళ కొనకూడదు, అమ్మకూడదు, ముట్టుకోకూడదు. షట్టరు దించేశా. చివరివాడు నవ్వాడు, కొన్నాడు, ఇప్పుడు ఏడుస్తున్నాడు."

"తాడు తెగింది అన్నయ్యా. ఏ అర్థమూ లేకుండా ఉండాలనే గుంజాను."

"నువ్వెలా గుంజావో నాకనవసరం. నేను చదువుకున్నా."

"మిగతా షాపులు ఎందుకు మూశారు?"

అతని చేతులు ఆమె భుజాల మీంచి జారాయి. "ఒకే వరసలో ఉన్నవాళ్ళం కదే... చెప్పకుండా ఎలా ఉంటా? మా చెల్లెలు లోపలుంది, తేడా ఉందంటోంది అని..."

"నా పేరు చెప్పావా?"

అతను పెట్టె మీద దుమ్ము తుడవసాగాడు. ఆమె షట్టరు సందులోంచి బయటికి చూసింది. ఎదురు గేటు దగ్గర గార్డు నిలబడి ఉంది. పక్కన డైరెక్టర్. ఇద్దరూ మూసిన షట్టర్ల వరసని చూస్తున్నారు. గార్డు చెయ్యి పైకి లేచి రెండో అంతస్తు కిటికీని చూపించింది.

"నేను కొనలేదు, అమ్మలేదు!" అన్నాడు అన్నయ్య. "దుకాణం మూసుకోవడం కూడా నేరమేనా?"

"ఏమో. వాళ్ళనే అడుగుదాం."

"ఎక్కడికే?"

"వాళ్ళు ఇక్కడికొస్తే నేను దాక్కున్నట్టు. నేను వెళ్తే చెప్పినట్టు." మెడలోని కార్డు తీసి చేతిలో పట్టుకుంది. "పొద్దున నువ్వడిగింది, నేను కాదన్నది, తాడు గుంజింది. అన్నీ చెబుతా."

"నా పేరు కూడానా?"

ఆమె గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. "నువ్వు నా పేరు చెప్పావుగా. రా, నువ్వూ రా. ముందు వదినకి ఫోన్ చేసి ఇంటి కాగితాల సంగతి చెప్పు. ఇవాళ ఏదైనా బయటికి రావాల్సిందే అయితే, ఆవిడకి ఇంకొకళ్ళ నోట తెలియకూడదు."

అన్నయ్య ఫోను తీశాడు. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా రోడ్డు దాటింది. పైన కిటికీలో ఎవరో స్టూలెక్కి తెరని సరిచేస్తున్నారు. అది కాసేపు పైకెళ్ళింది, కాసేపు కిందకొచ్చింది. ఆమె గేటు చేరేసరికి కూడా ఎటూ నిలవలేదు.