ఫైవ్ స్టార్ బండిలో వెనక సీటు బకిల్

నేను ఒక బకిల్‌ని. కారు వెనక సీట్లో, బెల్టు కొసనున్న ఇనుప నాలుక వచ్చి దూరుతుందే, ఆ ఎర్ర బటనున్న నల్ల డబ్బాని. నాలుకని పట్టుకోవాలి, బటను నొక్కేదాకా వదలకూడదు. అంతే నా ఉద్యోగం. ఆ కాస్త ఉద్యోగానికీ పనికిరాకుండానే నన్ను పుట్టించారు.

ఫ్యాక్టరీలో నాకు అమర్చిన స్ప్రింగు మెత్తది. టిక్‌మని గట్టిగానే అరుస్తాను కానీ, పట్టు మాత్రం ఉండదు. మనుషుల్లో కూడా ఈ రకం వాళ్ళున్నారని తర్వాత తెలిసి కాస్త స్థిమితపడ్డాను.

రాజమండ్రి షోరూములో మా ఎస్‌యూవీని కొన్నది మండపేట టైల్స్ కొట్టు గవర్రాజుగారు. సేల్స్ కుర్రాడు ఆయనకి వీడియో చూపించాడు. బండిలో బొమ్మల్ని కూర్చోబెట్టి గోడకేసి కొట్టారు. బొమ్మలు బాగానే ఉన్నాయి కనక ఐదు స్టార్లు ఇచ్చారు. ఆ బొమ్మలన్నీ బెల్టులు పెట్టుకునే ఉన్నాయన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

"ఫైవ్ స్టారండీ బాబూ! గుద్దితే ఎదటోడు గోవిందా, మనకేం కాదు" అని గవర్రాజుగారు ఊరంతా చెప్పుకున్నారు. ఆ మర్నాడే తోలు సీటు కవర్లు తొడిగించి, కూర్చుంటే గుచ్చుకుంటున్నామని నన్నూ, నా పక్క బకిల్నీ వాటి కిందికి తోయించారు. ఒక రకంగా అదే మేలనుకున్నాను. నన్ను నమ్మేవాళ్ళు లేకపోతే నేను మోసం చేసేదీ ఉండదు కదా.

నన్ను బయటికి లాగింది ఆయన కోడలు ప్రసన్న. ఎముకల ఆసుపత్రిలో నర్సు. వెనక సీట్లోంచి ఎగిరిపడి కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకున్నవాళ్ళని రోజూ చూస్తుంది. కవరు కిందికి చెయ్యి దూర్చి, నా మీది దుమ్ము కొంగుతో తుడిచి, టిక్‌మని పెట్టుకుంది.

"మన వీధి చివరిదాకా ఎళ్ళడానికి ఇదంతా ఎందుకమ్మాయ్? విమానం ఎక్కావా ఏవిటి?" అని మావగారు నవ్వారు.

"మీరూ పెట్టుకోండి మావయ్యగారూ" అంది ఆ పిల్ల.

ఆవిడ పెట్టుకున్న ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమనేది. ఆ బండి మొత్తంలో బుద్ధిగా ఉన్న ఒక్క మనిషీ వచ్చి వచ్చి నా పాలిటే పడాలా! వద్దు తల్లీ, ఆ పక్కకి జరుగు అని చెప్పాలనిపించేది. నాకు వచ్చిన భాష టిక్ ఒక్కటే.

ఒకరోజు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. గవర్రాజుగారు స్పీకర్లో పెట్టారు. "సార్, మీ బండికి రీకాల్ ఉంది. వెనక ఎడమవైపు బకిల్ ఉచితంగా మారుస్తాం. ఒకసారి తీసుకురండి."

"ఉచితంగా అన్నాడంటే దొంగ ఫోనే! తర్వాత ఓటీపీ అడుగుతాడు. ఫైవ్ స్టార్ బండిని వెనక్కి పిలవడవేవిటి, నాన్సెన్స్" అని పెట్టేశారు. తర్వాత వచ్చిన మెసేజీలకీ అదే గతి పట్టింది.

ఆ తర్వాత ఒకనాడు కాలవగట్టు రోడ్డు మీద ముందు వెళ్తున్న ఇటుకల ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. బండి నడుపుతున్న కొడుకు రాంపండు బ్రేకు తొక్కాడు కానీ చాల్లేదు, బంపరు గుద్దుకుంది. బెల్టు బిగిసింది. నేను వదిలేశాను. ప్రసన్న ముందు సీటుకి కొట్టుకుంది. ఎడమ మణికట్టు విరిగింది. పక్కన ముందు సీటుకి తల ఆనించి కునుకు తీస్తున్న గవర్రాజుగారికి గీతైనా పడలేదు.

ఇక చూడండి ఆయన ప్రచారం! "పెట్టుకున్న పిల్లకి చెయ్యిరిగింది. పెట్టుకోని నేను రాయిలా ఉన్నాను. బెల్టూ లేదు బొంగూ లేదు!" కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ ఇదే చెప్పారు. విన్నవాళ్ళు అవునవునన్నారు.

అది కూడా భరించాను. ఆ తర్వాత ప్రసన్న బండిలో భర్తతో అన్న మాట మాత్రం తట్టుకోలేకపోయాను. "ఇంటికెళ్ళే పేషెంట్లకి బెల్టు పెట్టుకోండని చెప్పేదాన్ని కదండీ. ఇప్పుడు చెప్పడం మానేశాను. నా కట్టు చూసి నవ్వుతున్నారు. నాకే అనుమానంగా ఉంది, దాన్ని నమ్ముకుని తప్పు చేశానేమోనని." ఎముకంటే అతుక్కుంటుంది. ఆ పిల్ల నోటిమాట పోగొట్టాను, అది ఎలా అతుకుతుంది?

బంపరు బాగుచేయించడానికి కంపెనీ షెడ్డుకి వెళ్ళినప్పుడు, అక్కడి మేనేజరు బండి నంబరు కొట్టి చూసి, "సార్, దీనికి రీకాల్ పెండింగు ఉంది. మీకు ఫోన్లు చేశామే!" అన్నాడు. గవర్రాజుగారు ఫోను తీసి పాత మెసేజీలు వెతుక్కున్నారు. మెకానిక్కులు నన్నూ, గుద్దుడుకి బిగిసిన పాత బెల్టునీ విప్పి బల్ల మీద పడేశారు.

మావగారి వెంట వచ్చిన ప్రసన్న నా దగ్గరికి వచ్చి నిలబడింది. పాత బెల్టు నాలుకని కుడిచేత్తో నాలో దూర్చింది. టిక్. నన్ను ఆయన చేతికిచ్చింది.

"మావయ్యగారూ, బటను నొక్కకుండా లాగండి."

"నేనెందుకమ్మా..."

"మీరే లాగాలి."

ఆయన లాగారు. పుట్టినప్పటినుంచీ గట్టిగా పట్టుకోవాలని ఏడ్చినదాన్ని, ఆ ఒక్కసారి మాత్రం ఊడిపోవాలని కోరుకున్నాను. ఊడిపోయాను. నాలుక ఒక చేతిలో, నేను ఒక చేతిలో. ఆయన మమ్మల్ని చూశారు, కోడలి చేతి కట్టు చూశారు.

"తప్పు దీనిదా అమ్మా" అన్నారు మెల్లిగా. "అయితే నువ్వు చెప్పింది సరైనదేనన్నమాట."

నన్ను ఇనుప సామాన్ల డబ్బాలో పడేశారు. నాలాంటివే ఇంకా చాలా ఉన్నాయి అందులో. అందరం టిక్‌మని అరిచినవాళ్ళమే. బండి తలుపులు వేసుకున్న చప్పుడు వినబడింది. ప్రసన్న కొత్తదాన్ని రెండుసార్లు తిప్పి చూసుకుని ఉంటుంది, టిక్ కాస్త ఆలస్యమైంది.

"అమ్మాయ్, ఈ పక్కది ఎక్కడేడిచిందో చూడు" అన్నారు గవర్రాజుగారు. కవరు పర్రుమని చిరిగింది. కాసేపటికి ఇంకో టిక్.

రెండూ నావి కావు. పోనీలెండి.